పద్నాలుగో అక్షరం

మా నాన్న పెలట్యా
దేవుణ్ణి ఎప్పుడూ "ఆయన" అనేవాడు.
యెరూషలేములో, చేపల గుమ్మం పక్కన,
మధ్యాహ్నం దాకా నీడ నిలిచే గోడ దగ్గర
కుర్రాళ్ళని కూర్చోబెట్టుకుని
ఒక మాట చెప్పి, దాని తోబుట్టువుని పక్కన నిలబెట్టేవాడు:
"సోమరి చేతికి తలుపు గడియ బరువు,
వాడి నాలుకకి ఊరంతా తేలిక."
మొదటి పాదం తలుపు తడుతుంది,
రెండోది లోపల్నుంచి పలుకుతుంది.
పద్యమంటే అంతే, అనేవాడు.

నేను సిరా నూరేదాన్ని.
ఒలీవ దీపాల మసి, తుమ్మజిగురు, కాసిని నీళ్ళు.
నా గోళ్ళు ఏ పండక్కీ తెల్లబడలేదు.

ఆలయంలో పాడే అజ్బూకు మాత్రం
దేవుణ్ణి "నువ్వు" అనేవాడు.
అప్పు తీసుకుని తప్పించుకు తిరిగే పొరుగువాణ్ణి
వాకిట్లో నిలదీసినట్టు,
మళ్ళీ వాడి భుజం మీదే తల పెట్టి ఏడ్చినట్టు.
నాన్నకి అది మర్యాదగా తోచేది కాదు.
"మీరు ఏడుస్తారు, మేం ఆలోచిస్తాం."
"మీరు ఆలోచిస్తారు, మాకు తగుల్తుంది."
ఇద్దరూ ఒకే గిన్నెలో శనగలు తినేవారు.

ఆ చలికాలం, తమ్ముడికి చదువు రావాలని
నాన్న అక్షరాల పద్యం మొదలుపెట్టాడు.
ఆలెఫ్‌తో ఒక పాదం, బేత్‌తో ఒకటి,
తావ్ దాకా ఇరవైరెండు మెట్లు,
ఒక్కో మెట్టు మీద ఒక్కో బుద్ధిమాట.
తమ్ముడి పేరు నహమాని. ఓదార్పని అర్థం.
నూన్‌తో మొదలయ్యే పేరు.
"నా అక్షరం ఎప్పుడొస్తుంది?" అని
రోజూ నాన్న మోకాలు పట్టుకుని ఊపేవాడు.
"ముందు మేమ్ రానీరా" అనేవాడు నాన్న.
మేమ్ వచ్చింది.
ఆ రాత్రే జ్వరమూ వచ్చింది.

ఏడు రోజులు నాన్న నేల మీద కూర్చున్నాడు.
శిష్యులు వచ్చి
ఆయన నేర్పిన మాటల్నే ఆయనకి అప్పజెప్పారు:
"మంచివాడి దీపానికి చమురు తరగదు,
వాడి వాకిట్లో చీకటికి చోటు లేదు."
తప్పు లేకుండా చెప్పారు, గుక్క తిప్పుకోకుండా.
నాన్న ఎవరివో పాదాలు విన్నట్టు విని
తలుపు వేసెయ్యమన్నాడు.

అజ్బూకు సితారా తేలేదు.
శనగలు తెచ్చాడు. ఎవరూ తినలేదు.

ఎనిమిదో రోజు తోలుచుట్ట విప్పి
మేమ్ కింద వేలు పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు నాన్న.
తర్వాత నూన్ దాటేసి
సామెక్ దగ్గర కలం ఆనించాడు.
సిరాగిన్నె పట్టుకుని భుజం మీంచి చూశాను.
ఆ పాదంలో "ఆయన" లేడు.
"నువ్వున్నావు కదా అక్కడ,
వాడి నుదుటి మీది నా చేతికి అవతలి పక్క."
జంట పాదం కోసం ఎదురుచూశాను.
రాలేదు.
తట్టిన తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

అజ్బూకు దాన్ని తీసుకెళ్ళి పాడాడు.
ఆవరణలో పిల్లలు అక్షరాలు లెక్కపెట్టుకుంటున్నారు,
పెద్దవాళ్ళు ముక్కులు చీదుతున్నారు.
మేమ్ తర్వాత ఒక ఊపిరి పట్టేంతసేపు ఆగాడు.
గొర్రె ఒకటి అరిచింది.
మళ్ళీ ఎత్తుకున్నాడు.
నాన్న స్తంభం వెనకాల నిలబడి
తనది కానట్టు విన్నాడు.

ఇప్పుడు నాన్న లేడు, అజ్బూకూ లేడు.
చుట్టలు సర్దే కుర్ర లేఖకులొచ్చి అడుగుతున్నారు:
ఇది బుద్ధిమాటల జాడీలో పెట్టాలా,
కీర్తనల జాడీలోనా?
ఏ జాడీకి మూత సరిపోతే అందులో పెట్టండన్నాను.

వాళ్ళలో ఒకడు చురుకైనవాడు,
ఒక అక్షరం తగ్గిందని పట్టేశాడు.
రాత్రంతా కూర్చుని నూన్ పాదం కట్టుకొచ్చాడు.
మంచి పాదమే. జంట కూడా కుదిరింది.
ఎక్కించమంటారా, అన్నాడు.

సిరా అయిపోయిందన్నాను,
గోళ్ళు పైబట్టలో దాచుకుంటూ.